చింతాకు పతకం, చిల్లపెంకు

యోబు అనగానే ఓర్పు అంటాం. రామదాసు అనగానే భక్తి అంటాం. రెండు పేర్లూ సగమే నిజం. యోబు గ్రంథంలో మొదటి రెండు అధ్యాయాలు దాటాక ఓర్పుకు దొరికే చోటు బహు తక్కువ. రామదాసు చెరసాల కీర్తనల్లో జనం నాలుకల మీద నిలిచినవి చాలావరకు దండం పెట్టిన పాటలు కావు, నిలదీసిన పాటలు. అంతా దేవుడి చేతిలోనే ఉందని గట్టిగా నమ్మిన ఇద్దరు మనుషులు, ఆ నమ్మకం వదలకుండానే, ఆ దేవుడి గుమ్మం ముందు నిలబడి కేకలు వేశారు. ఆ రెండు కేకలనూ పక్కపక్కన పెట్టి వినాలని నాకు చాలా కాలంగా ఉంది.

మా నాన్న మంచాన పడ్డ ఏడాది పరామర్శకు వచ్చినవాళ్లంతా ఏదో ఒక మాట చెప్పి వెళ్లేవారు. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదన్నారు ఒకరు. ఏ జన్మలో చేసుకున్నదో అన్నారు ఇంకొకరు. వెనక వీధి టీచరమ్మ మాత్రం చర్చి నుంచి వస్తూ ఆగి, ఏమీ అనకుండా నాన్న కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని వెళ్లేది. అమ్మ అందరి మాటలకూ తల ఊపేది. రాత్రి గిన్నెలు తోముకుంటూ రామదాసు కీర్తన పాడుకునేది. ఆ పాటలో ఒప్పుకోలు ఉండేది కాదు, తగువు ఉండేది. ఒకరోజు ఆ పాట టీచరమ్మ చెవిన పడింది. "మా యోబు కూడా అచ్చం ఇలాగే అడిగాడు వదినా" అంది. నేను బైబిలు తెరిచింది ఆ మాట పట్టుకునే.

ఊజు దేశపు యోబు యథార్థవర్తనుడు, కలిగినవాడు. 7,000 గొర్రెలు, 3,000 ఒంటెలు, 500 జతల ఎడ్లు, 500 ఆడగాడిదలు, ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. పరలోకపు కొలువులో అపవాది ఒక అనుమానం లేవదీస్తాడు. అన్నీ ఇచ్చావు కనుక మొక్కుతున్నాడు, తీసేసి చూడు అన్నది దాని సారం. దేవుడు ఆ పరీక్షకు ఒప్పుకుంటాడు. ఒక్క పూటలో నలుగురు మనుషులు ఒకరి వెనక ఒకరు పరుగెత్తుకొచ్చి కబురు చెబుతారు. పశువులు పోయాయి, పనివాళ్లు పోయారు, చివరికి ఇల్లు కూలి పిల్లలు పదిమందీ పోయారు. ఆ పైన ఒళ్లంతా కురుపులు. యోబు బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో ఒళ్లు గోక్కుంటాడు. భార్య దేవుణ్ణి తిట్టి చచ్చిపొమ్మంటుంది. ఆమెను తప్పుపట్టి ముందుకు పోవడం ప్రసంగాల్లో మామూలు. పోయిన పదిమందీ ఆమె కడుపున పుట్టినవాళ్లేనన్న సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక్కడిదాకా వచనం. ఇక్కడిదాకా యోబు నోట ఫిర్యాదు లేదు. యాకోబు పత్రిక మెచ్చుకున్న సహనం, మనం ఆదివారాల్లో వినే సహనం చాలావరకు ఈ రెండు అధ్యాయాలదే. 3వ అధ్యాయంలో పద్యం మొదలవుతుంది. మొదలవుతూనే యోబు తాను పుట్టిన రోజును శపిస్తాడు. 42 అధ్యాయాల గ్రంథంలో మొదటా చివరా ఉన్న కాస్త వచనాన్ని పక్కన పెడితే మిగిలిందంతా వాదమే.

రామదాసు సంగతి వేరు. రామదాసుగా పేరుపడ్డ కంచెర్ల గోపన్నది ఖమ్మం సీమలోని నేలకొండపల్లి. మనం తానీషా అని పిలుచుకునే అబుల్ హసన్ కుతుబ్‌షా 1672లో గోల్కొండ గద్దె ఎక్కాడు. గోపన్న మేనమామలు అక్కన్న, మాదన్న ఆ కొలువులో పెద్దలు. వాళ్ల చలవతో గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు అయ్యాడు. భద్రగిరి మీద పోకల దమ్మక్క తాటాకు పందిరి కింద కొలుచుకుంటున్న రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఖర్చయిన సొమ్ము సర్కారు శిస్తు. ఆ నేరానికి 12 ఏళ్లు గోల్కొండ కోటలో ఖైదు అనుభవించాడని సంప్రదాయం చెబుతుంది. కోట చూడబోయినవాళ్లకు రామదాసు బందిఖానా అని ఒక చీకటి గది చూపిస్తారు. గోడ మీది బొమ్మలు ఆయన చెక్కినవేనంటారు.

పోలికకు ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. యోబు మీద మోపడానికి నేరం లేదు. గోపన్న మీద ఉంది. ఆ డబ్బు రైతు చెమటోడ్చి కట్టిన పన్ను. పై అధికారి అనుమతి లేకుండా దాన్ని వాడటం ఏ కాలంలోనైనా తప్పే. భక్తి అనే దుప్పటి కప్పి ఆ తప్పును దాచడం నాకు ఇష్టం లేదు. గోపన్న కూడా దాచలేదు. నేను ఖర్చు పెట్టలేదని ఆయన ఏ కీర్తనలోనూ అనడు. పెట్టాను, నీకే పెట్టాను అంటాడు. ఇద్దరి గొంతుల్లోని తేడా అంతా ఇక్కడే మొదలవుతుంది.

యోబు మాట్లాడేది కోర్టు భాష. తన మీద నేరం ఏమిటో రాసి చూపించమంటాడు. సాక్షులేరీ అంటాడు. 31వ అధ్యాయంలో తాను చేయని పాపాలను ఒక్కొక్కటీ ఎత్తి, ఇది చేసి ఉంటే నాకు ఈ శిక్ష పడుగాక అని ఒట్లు పెట్టుకుంటాడు. పనివాళ్ల హక్కు కాజేయలేదు, విధవరాలి కళ్లు ఎదురుచూపుతో అలసిపోనీయలేదు, అనాథను పస్తుంచి తాను తినలేదు, బంగారాన్ని నమ్ముకోలేదు. ఆ చిట్టా చివర తన వాంగ్మూలం కింద తానే సంతకం పెట్టి ప్రతివాదిని జవాబు చెప్పమంటాడు. చిక్కల్లా ఒక్కటే. ప్రతివాదీ దేవుడే, న్యాయాధిపతీ ఆయనే. తనకు అన్యాయం చేశాడనుకుంటున్నవాడి దగ్గరే న్యాయం కోరాలి. సార్వభౌమత్వం అన్న పెద్ద మాటకు బాధలో ఉన్న మనిషికి తెలిసే అర్థం ఇదే. అప్పీలుకు పైకోర్టు లేదు.

రామదాసుది కచేరీ భాష. జీవితమంతా జమాబందీ చూసిన తహసీల్దారుకు బాధ వచ్చినా అది పద్దుల రూపంలోనే వస్తుంది. ఇక్ష్వాకు వంశపు రాముణ్ణి ఇకనైనా పలకమని వేడుకునే ఆ పాట తెలుగువాళ్లకు కొత్త కాదు. అందులో ఆయన ఎవరికి ఏ నగ చేయించాడో వరసగా చదువుతాడు. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి. కొన్నిటి పక్కన ఖరీదు కూడా చెబుతాడు. ఒక్కొక్కటీ 10,000. ఆ తర్వాత గొంతు మారుతుంది. ఇంత వైభవంగా ఊరేగుతున్నావే, ఇది మీ నాన్న పంపిన సొమ్మా, మీ మామగారు పెట్టినదా అని మొహం మీదే అడుగుతాడు. అడిగిన మరుక్షణం దిగిపోతాడు. తిట్టానని నొచ్చుకోవద్దు, దెబ్బలు ఓర్చుకోలేక నోరు జారాను అంటాడు.

ఈ పాటను నవ్వుకుంటూ వినే అలవాటు మనకుంది. భక్తుడు దేవుడితో చనువుగా దెబ్బలాడుతున్నాడని మురిసిపోతాం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో ఆ కీర్తనలు ఎంత తీయగా వినిపిస్తాయంటే, పాడుతున్నవాడి ఒంటి మీద కొరడా దెబ్బలున్నాయన్న సంగతి మరుగున పడిపోతుంది. ఒక్కసారి రాగం పక్కన పెట్టి మాటలు మాత్రమే చదవండి. అది ఖైదీ ఇచ్చిన లెక్కల నివేదిక. బాకీ ఎవరిదో తేల్చమనే అర్జీ. అది తానీషాకు పెట్టుకున్నది కాదు. 12 ఏళ్లు బంధించినవాడు పక్కనే ఉండగా ఆయన గొంతు ఎప్పుడూ మరో రాజు వైపే తిరిగి ఉంటుంది. తన తల మీదున్న అధికారి తానీషా కాడు, రాముడు. ఆ సంగతిలో ఆయనకు అనుమానం లేదు. అనుమానమల్లా ఆ పై అధికారి పలకడేమన్నదే.

యోబు విషయంలోనూ ఇంతే. పశువులు తోలుకుపోయినవాళ్లు ఎవరో కథలో ఉంది, షెబాయీయులు, కల్దీయులు. ఇల్లు కూల్చింది ఎడారి గాలి. యోబు వాదంలో ఆ దోపిడీదారుల ఊసే రాదు, గాలి ఊసు రాదు. నేరుగా పైవాణ్ణే పట్టుకుంటాడు. కష్టంలో ఉన్నవాడు దేవుణ్ణి నిలదీస్తే విశ్వాసం సడలిందని అనుకుంటాం. నిలదీయాలంటే ముందు ఆయన చేతిలోనే అంతా ఉందని నమ్మాలి కదా. నమ్మకం పోయినవాడు ఎవరి మీద వ్యాజ్యం వేస్తాడు? ఎవరిని లెక్క అడుగుతాడు?

నిర్మాణంలో మాత్రం ఈ రెండూ చాలా దూరం. కీర్తనకు పల్లవి ఉంది. చరణంలో ఎంత ఘాటుగా తిట్టినా చివరికి పల్లవి దగ్గరికి రావాల్సిందే, పల్లవిలో రాముడి పేరు ఉంటుంది. కోపంతో గడప దాటినవాణ్ణి ప్రతిసారీ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చినట్టు ఉంటుంది ఆ పల్లవి. కీర్తన ఎన్నడూ పూర్తిగా తెగిపోదు, తెగనీయదు. యోబు పద్యానికి పల్లవి లేదు. ఒక మాట రెండు పాదాల్లో రెండు తీర్లుగా చెప్పుకుంటూ పోవడం హెబ్రీ కవిత్వపు పద్ధతి. రెండో పాదం మొదటిదాన్ని ఇంకాస్త లోతుకు దించుతుంది. అలా అధ్యాయం మీద అధ్యాయం దిగుతూనే ఉంటుంది. వెనక్కి లాగే చెయ్యి కనబడదు. అందుకే యోబును చదువుతుంటే భయం వేస్తుంది, రామదాసును పాడుకుంటుంటే ఏడుపు వస్తుంది. కవిత్వంగా యోబుదే పెద్ద పని అని నా అభిప్రాయం. ఆ చీకటి లోతు, ఆ వాదం పట్టు మన శతకాల్లో, కీర్తనల్లో నాకు దొరకలేదు. కానీ గిన్నెలు తోముకుంటూ పాడుకోవడానికి వీలైనది రామదాసుదే. రెండోదాన్ని తక్కువ పనిగా నేను ఎంచను.

రామదాసే రాసిన దాశరథి శతకంలో గొంతు వేరు. అక్కడ వృత్తాల నడక, గ్రాంథికం, నిండైన శరణాగతి. తగువంతా కీర్తనల్లోనే, వాడుక తెలుగులోనే. బాధ పుట్టిన భాషలోనే బయటికొచ్చింది.

ఇక మధ్యవర్తి సంగతి. ఇద్దరి మధ్యా ఇంతకన్నా పదునైన తేడా మరొకటి లేదు. 9వ అధ్యాయంలో యోబు ఒక లోటు చెప్పుకుంటాడు. తనకూ దేవుడికీ నడుమ నిలబడి ఇద్దరి మీదా చెయ్యి వేయగల పెద్దమనిషి లేడు. పల్లెటూళ్లో తగువు తీర్చాలంటే అటువాడికీ ఇటువాడికీ కావలసిన మనిషి ఒకడుండాలి. యోబుకు ఆ మనిషి లేడు. ముందుకు పోయాక, తన పక్షాన నిలిచే విమోచకుడు బతికే ఉన్నాడని ఒక్కసారి ఎలుగెత్తుతాడు. ఆ వెలుగు వచ్చినంత హఠాత్తుగా పోతుంది. క్రైస్తవులు ఆ మాటలో క్రీస్తు రాకను చదువుకున్నారు. యోబు కూర్చున్న చోటి నుంచి చూస్తే మాత్రం ఎదుట ఎవరూ లేరు.

రామదాసుకు సీతమ్మ ఉంది. నన్ను కాపాడమని నీ భర్తకు చెప్పమ్మా అని ఆమెను బతిమాలుతాడు. అదీ ఎప్పుడు? ఇద్దరూ ఏకాంతంలో ఉన్న వేళ చూసి. ఆ తెలివి తెలుగు సంసారంలో పుట్టినవాడికే తెలుసు. నాన్న దగ్గర నోరు పెగలనప్పుడు అమ్మ కొంగు పట్టుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. శ్రీవైష్ణవులు దీన్ని పురుషకారం అన్నారు. స్వామి స్వతంత్రుడు, శిక్షించగలడు. అమ్మకు శిక్షించడం తెలియదు, ఆయన మనసు మెత్తబరచడమే తెలుసు. సర్వాధికారి ఇంట్లోనే మన తరఫున మాట్లాడే మనిషి ఉందన్న ధైర్యం రామదాసు కోపాన్ని ఎప్పుడూ కాస్త గారాబంగా మారుస్తుంది. యోబు కోపానికి ఆ మెత్తదనం లేదు. ఆయన తండ్రి మీద అలిగిన కొడుకు కాడు, న్యాయపీఠం ముందు ఒంటరిగా నిలబడ్డ మనిషి.

పరామర్శకు వచ్చేవాళ్ల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, తప్పదు. యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. వచ్చి అతన్ని గుర్తుపట్టలేక ఏడుస్తారు. 7 పగళ్లు, 7 రాత్రులు మాట్లాడకుండా నేల మీద అతని పక్కన కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు విప్పాక చెడగొట్టారు. దేవుడు న్యాయవంతుడు, నీకు శిక్ష పడింది, కాబట్టి నువ్వు తప్పు చేశావు. ఎలీఫజు మెత్తగా, బిల్దదు పెద్దల మాటగా, జోఫరు మొరటుగా చెప్పినా ముగ్గురిదీ ఈ లెక్కే. తర్వాత ఎలీహు అనే కుర్రవాడు ఇంకాస్త నేర్పుగా ఇలాంటి మాటే అందుకుంటాడు. వాళ్లు చెప్పే వాక్యాలు విడిగా చూస్తే తప్పులు కావు. చాలావాటిని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవచ్చు. బూడిదలో కూర్చున్న మనిషికి చెప్పడంలోనే అవి అబద్ధాలయ్యాయి. ఇంకో సంగతి గమనించండి. ఆ స్నేహితులు దేవుడి గురించి అన్ని అధ్యాయాలు మాట్లాడారు కానీ ఒక్కసారీ దేవుడితో మాట్లాడలేదు. యోబు కోసం ఒక్క ప్రార్థనా చేయలేదు. వాళ్లతో వాదిస్తూ వాదిస్తూ మధ్యలో పైకి తిరిగి 'నువ్వు' అని దేవుణ్ణి పిలిచేవాడు యోబు ఒక్కడే.

మన కథలోనూ ఆ స్నేహితులున్నారు. కాకపోతే చెరసాలకు రాలేదు, తర్వాత హరికథల్లోకి వచ్చారు. రామదాసుకు 12 ఏళ్ల ఖైదు ఎందుకు పడిందంటే, వెనకటి జన్మలో ఒక చిలుకను పట్టి పంజరంలో పెట్టాడట. ఆ పాపం ఈ జన్మలో తీరిందట. చిన్నప్పుడు ఆ చిలుక కథ నాకు ఎంతో నచ్చింది. లెక్క సరిపోయింది అనిపించింది. ఇప్పుడు నచ్చదు. కర్మ సిద్ధాంతం మీద నాకు కోపం లేదు. తన బాధకు తానే అర్థం వెతుక్కునేవాడికి అది ఆసరా కావచ్చు. కానీ దెబ్బలు తింటున్నవాడి పక్కన నిలబడి ఆ లెక్క మనం చెప్పడం ఎలీఫజు పనే. బాధ ఎందుకొచ్చిందో తేలిపోతే చూసేవాళ్లకు నిద్ర పడుతుంది. నాకెందుకు రాదో అర్థమైపోతుంది కదా. చిలుక కథ రామదాసును ఓదార్చడానికి పుట్టింది కాదు, మనల్ని మనం ఓదార్చుకోవడానికి పుట్టింది. ఖైదులోని మనిషి దగ్గర చిలుక లేదు, చదవాల్సిన నగల జాబితా ఉంది, పలకని దేవుడు ఉన్నాడు. బంగారు నగలు చేయించి పెట్టినవాడు, చివరికి ఆ దేవుడి నోటి మాటే బంగారమంత అరుదైపోయిందని వాపోవాల్సి వచ్చింది.

ఈ మౌనం మధ్యలో నమ్మకం ఎలా నిలుస్తుందో చూపే చోటు యోబు 13వ అధ్యాయంలో ఉంది. ఆయన నన్ను చంపినా సరే, అంటూ మొదలయ్యే వాక్యం అది. దాని తర్వాత హెబ్రీలో 'లో' అని పలికే చిన్న మాట వస్తుంది. ఒక అక్షరంతో రాస్తే 'లేదు' అని అర్థం, ఇంకో అక్షరంతో రాస్తే 'ఆయనకు' అని అర్థం. పలకడం రెండూ ఒకటే. ప్రతిలో రాసి ఉన్నది మొదటిది. చదవాల్సింది రెండోదని సంప్రదాయం అంచున గుర్తు పెట్టింది. ఒకలా చదివితే నాకు ఇక ఆశ లేదు అవుతుంది. ఇంకోలా చదివితే నా ఆశ ఆయన మీదే అవుతుంది. మన తెలుగు బైబిలు ఆశ వైపు మొగ్గింది. ఎటు మొగ్గాలో పండితులు తేల్చుకోనీ. నన్ను ఆపేది వేరే సంగతి. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చున్నవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. ఆశ లేదన్న మాటా, నువ్వే ఆశ అన్న మాటా అక్కడ ఒకే ఊపిరిలో వస్తాయి. పోతన భాగవతంలో మకరి పట్టు నుంచి విడిపించుకోలేక అలసిన ఏనుగు కూడా పిలుస్తూ పిలుస్తూ మధ్యలో అసలు ఉన్నాడా అని సందేహపడుతుంది. సందేహపడినందుకు రక్షణ ఆగిపోలేదు.

జవాబుల దగ్గరికి వద్దాం. వింతేమిటంటే ఇద్దరికీ అడిగిన భాషలోనే జవాబు వచ్చింది. లెక్క అడిగిన రామదాసుకు రసీదు వచ్చింది. రాముడు, లక్ష్మణుడు రామోజీ, లక్ష్మోజీ అన్న పేర్లతో అర్ధరాత్రి తానీషా పడకగదికి వెళ్లి, బాకీ 6 లక్షలూ చెల్లించి, చెల్లు రసీదు రాయించుకుని, నిద్రపోతున్న రామదాసు దగ్గర పెట్టి వెళ్లారని కథ. పద్దు మూసేశారు. కానీ దర్శనం ఎవరికి? తానీషాకు. 12 ఏళ్లు పిలిచినవాడికి కాగితం, పిలవనివాడికి సాక్షాత్కారం. ఆ సంగతి తెలిసి రామదాసు ఏడ్చాడని కథకులు చెబుతారు. ఆ ఏడుపు కథలో ఉండటం వల్లనే ఆ కథను నేను నమ్మదగినదిగా చూస్తాను. చరిత్రగా అని కాదు, మనసు తెలిసినవాళ్లు అల్లిన కథగా.

వ్యాజ్యం వేసిన యోబుకు న్యాయాధిపతే స్వయంగా వచ్చాడు, సుడిగాలిలోంచి. దర్శనం అయింది. రసీదు మాత్రం లేదు. యోబు అడిగిన ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పకుండా దేవుడే ప్రశ్నలు వేస్తాడు. భూమికి పునాది వేసినప్పుడు నువ్వెక్కడున్నావు? మంచు ఎక్కడ దాచి ఉంటుంది? కొండమేకలు ఈనే వేళ నీకు తెలుసా? మనిషి అడుగు పెట్టని ఎడారిలో వాన కురిపించేది ఎవరు? 38 నుంచి 41 దాకా సాగే ఈ అధ్యాయాల్లో మనుషుల ప్రస్తావన దాదాపు లేదు. అడవిగాడిద, ఉష్ట్రపక్షి, డేగ, నీటిగుర్రం, చివరికి మకరం. పాత తెలుగు బైబిలు ఆ భయంకర జలచరానికి మకరం అనే పేరే పెట్టింది. ఆ మాట చదవగానే తెలుగువాడికి గజేంద్రుడి కాలు గుర్తొస్తుంది. అక్కడ విష్ణువు వైకుంఠం నుంచి పరుగున వచ్చి మకరిని నరుకుతాడు. ఇక్కడ దేవుడు మకరాన్ని నరకడు. దాని పొలుసులు, దాని ఊపిరి, దాని పొగరు ఇష్టంగా వర్ణించి, దీన్ని చేసింది నేనే అంటాడు. కష్టాన్ని చంపడానికి వచ్చే దేవుడు ఒకరు. ఆ కష్టం కూడా తన సృష్టిలోదేనని చెప్పే దేవుడు ఇంకొకరు. మొదటి దేవుణ్ణి ప్రేమించడం తేలిక. రెండో దేవుడి ముందు యోబు చేసినట్టు చెయ్యి నోటి మీద పెట్టుకోవాల్సి వస్తుంది. నిజం చెబుతున్నాను, ఆ అధ్యాయాలు నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడవు. అయినా మళ్లీ మళ్లీ చదువుతాను. జనం లేని చోట వాన కురుస్తుందన్న ఆ ఒక్క సంగతిలో నా బాధకు మించిన లోకం ఒకటి కనిపిస్తుంది.

చివర్లో దేవుడు ఎలీఫజుతో ఒక తీర్పు చెబుతాడు. నా గురించి సరిగ్గా మాట్లాడింది మీరు కాదు, నా సేవకుడైన యోబు అన్నది దాని భావం. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్లది తప్పు, దేవుణ్ణి నిలదీసినవాడిది ఒప్పు. వాళ్ల కోసం యోబే ప్రార్థన చేయాలి. ఈ తీర్పు మీద మన చర్చిల్లో ఇంకా ఎక్కువ ప్రసంగాలు రావాలి.

ఇక చెల్లింపులు. యోబుకు 14,000 గొర్రెలు, 6,000 ఒంటెలు, 1,000 జతల ఎడ్లు, 1,000 ఆడగాడిదలు వచ్చాయి. అన్నీ రెట్టింపు. పిల్లలు మాత్రం మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. మొదటి పదిమంది పరలోకంలో ఉన్నారు కనుక వాళ్లూ రెట్టింపైనట్టేనని వాక్యం చెప్పేవాళ్లు వివరిస్తారు. ఆ నమ్మకాన్ని గౌరవిస్తాను. అయినా పోయిన బిడ్డ స్థానంలో ఇంకో బిడ్డ కూర్చోదని ఏ తల్లినడిగినా చెబుతుంది. రామదాసు కథలోనూ అంతే. 6 లక్షలు తీరాయి, 12 ఏళ్లు తీరలేదు.

అందుకే విమర్శకుడిగా నా పట్టు ఒకటుంది. ఈ రెంటికీ కథ ఒక చట్రం. యోబుకు ముందూ వెనకా వచనం, రామదాసుకు ముందు చిలుక, వెనక రామోజీ. చట్రంలోంచి చూస్తే అంతా ముందే తేలిపోయిన వ్యవహారంలా ఉంటుంది. లోపల ఉన్న మనిషికి చట్రం కనబడదు. పరలోకంలో జరిగిన సంభాషణ యోబుకు చివరిదాకా తెలియదు, ఎవరూ చెప్పరు. రామదాసు ఆ పాటలు కట్టేటప్పుడు రసీదు రాలేదు, వస్తుందన్న హామీ లేదు. సుఖాంతం తెలిసిన మనం వాళ్ల విశ్వాసాన్ని మెచ్చుకోవడం తేలిక. 2006లో వచ్చిన శ్రీరామదాసు సినిమాకు వెళ్లినవాళ్లకు చివర రాముడు వస్తాడని టికెట్ కొన్నప్పుడే తెలుసు. చెరసాలలో ఉన్న గోపన్నకు తెలియదు. రాకపోయినా ఆయన గొంతు ఆ వైపే తిరిగి ఉండేదా అన్నది అసలు ప్రశ్న. పాటల మధ్యలో నాకు దానికి జవాబు వినిపిస్తుంది. ఉండేది. త్యాగరాజు తన బాధలో రాముణ్ణి పిలిచినప్పుడు రామదాసు విడుదలను ఒక పాత తీర్పులా గుర్తు చేశాడు. ఆయన ఎత్తి చూపింది విడుదలను. నాకు పెద్దగా కనిపించేది విడుదలకు ముందటి పాట.

ఇంకొక్క సంగతి. రామదాసును బంధించిన తానీషా రాజ్యం 1687లో ఔరంగజేబు పాలైంది. అబుల్ హసన్‌ను దౌలతాబాద్ కోటలో పెట్టారు. బందీగానే అక్కడ కన్నుమూశాడు. దీన్ని దేవుడి శిక్ష అని చెప్పేవాళ్లున్నారు. ఆ మాట నేను అనను. అంటే బిల్దదు పక్కన కూర్చున్నట్టే. భద్రాద్రి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆ తానీషా పేరు మీదే మొదలైంది. గోల్కొండ పోయింది, ఆసఫ్‌జాహీలు పోయారు, తలంబ్రాలు ఆగలేదు. ఇప్పుడు ప్రభుత్వం పంపుతోంది.

నాన్న పోయాక కూడా అమ్మ ఆ కీర్తన మానలేదు. టీచరమ్మ వస్తే ఇద్దరూ వంటింటి గడప దగ్గర కూర్చునేవారు. ఒకరు పాడేవారు, ఒకరు వినేవారు. ఎందుకిలా జరిగిందని వాళ్లు ఒకరికొకరు ఎప్పుడూ చెప్పుకోలేదు. మీ వీధిలో ఎవరి ఇంటికైనా పరామర్శకు వెళ్లాల్సి వస్తే ఎలీఫజు మొదటి 7 రోజులు చేసిన పని చేయండి, ఎనిమిదో రోజు చేసినది వద్దు. శ్రీరామనవమికి భద్రాచలం వెళితే పీటల మీద కూర్చున్న దేవుళ్ల నగలు చూడండి. ఆ రోజు సీతమ్మకు చింతాకు పతకం, స్వామికి కలికితురాయి అలంకరిస్తారు. రామదాసు చెరసాలలో లెక్క చదివినవి అవే.